సోల్వేగ్ తలలోని ఎడమ సిర

అమెరికాలోని సుపీరియర్ సరస్సు ఒడ్డున చేపలు కోసే షెడ్డులో సోల్వేగ్ పనిచేసేది. యాభై దాటినా ఆమె కోసిన చేపలో ముల్లు మిగిలేది కాదు. తల్లి అంత్యక్రియలనాడు అక్క రాగ్నాతో మాటామాటా పెరిగింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

సరస్సు మీద మంచు విరుగుతున్న రోజుల్లో సోల్వేగ్‌కు తలనొప్పి పట్టుకుంది. మెడ వెనక మొదలై నెత్తికెక్కేది. డులూత్ ఆసుపత్రిలో స్కానింగ్ చేశారు. మెదడులోని రక్తాన్ని కిందికి దించే పెద్ద సిరల్లో కుడివైపుది బొమ్మలో కనిపించింది, ఎడమవైపుది కనిపించలేదు. గడ్డకట్టి మూసుకుపోయిందేమోనన్నారు. రక్తం పలచబడే మందు మొదలుపెట్టి, తెగితే రక్తం ఆగదు కనుక కత్తి ముట్టుకోవద్దన్నారు.

ఇంటికొచ్చి కోటైనా విప్పకుండా చాలాసేపు కూర్చుంది. చివరికి రాగ్నాకు ఫోన్ చేసింది.

"అక్కా, నేనే. నా తలలో రక్తం గడ్డకట్టిందట."

రాగ్నా అంది: "వస్తున్నా. నువ్వు మాత్రం మేడ మెట్లెక్కకు."

రాగ్నా తనుండే ఫార్గో ఊరి నుంచి కారులో వచ్చి వంటిల్లు ఆక్రమించింది. చెల్లెలు కూరగాయల కత్తి తీసినా కసిరేది. తల్లి ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. ఇక ఎక్కువ కాలం లేననుకున్న సోల్వేగ్ తన సామాన్లు ఇరుగుపొరుగులకు పంచడం మొదలుపెట్టింది.

నడి వేసవిలో మళ్ళీ స్కానింగ్. ఈసారి చూసిన డాక్టర్ లెక్లేర్ పాత బొమ్మలన్నీ తెప్పించి పక్కపక్కనే పెట్టింది.

"సోల్వేగ్, ఇది మీ పుర్రె ఎముక. సిర బయటికొచ్చే రంధ్రం ఎడమవైపు చిన్నగా ఉంది, చూశారా? ఎముక నిన్నామొన్నా ముడుచుకునేది కాదు. మీ సిర పుట్టుకతోనే సన్నం, అందుకే బొమ్మకు అందలేదు. గడ్డ లేదు. ఇలా చాలామందికి ఉంటుంది, జబ్బు కాదు. మందు ఆపేద్దాం."

"మరి నా తలనొప్పి?"

"అది మెడ కండరాలది. ఏళ్ళ తరబడి బల్ల మీదికి వంగి ఉన్నారుగా."

కారెక్కాక రాగ్నా అంది: "అయితే లేని జబ్బుకి నన్ను పరిగెత్తించావన్నమాట."

"ఉందన్నది నేనా? వాళ్ళు!"

"నీ తలలో పుట్టుకతోనే ఏదో తేడా అని అమ్మ అంటూనే ఉండేది."

"అమ్మ అలా అనలేదు."

"అంది. నువ్వు లేనప్పుడు."

సోల్వేగ్‌కు కోపం రావలసింది, నవ్వొచ్చింది.

సోల్వేగ్ మళ్ళీ పనికెళ్ళాక షెడ్డులో ఆమె బల్లకింద చెక్కలు పెట్టి ఎత్తు పెంచారు. నొప్పి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. రాగ్నా ఆకులు రాలేదాకా ఉండి వెళ్ళింది. ఇప్పుడూ ఫోన్లో పోట్లాడుకుంటారు. పంచిన సామాన్లు అడగడానికి సోల్వేగ్ సిగ్గుపడింది. మంచు పడగానే ఎదురింటాయన తనకిచ్చిన, మంచుమీద జారే స్కీలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. కుట్టుమిషను తీసుకున్నావిడ మాత్రం ఆ మాటే ఎత్తలేదు.