నత్తలకి పెట్టిన బెల్లం

ఏడేళ్ళ వయసులో నేనొక కుక్క ప్రాణం కాపాడాను. నురగలు కక్కుతున్న దాన్ని భుజాన వేసుకుని పెదపాడు పశువుల ఆసుపత్రికి మూడు మైళ్ళు పరిగెత్తాను.

మొన్న ఆకివీడులో మేతల కొట్టు ముందు రొయ్యల చెరువుకని తవుడూ బెల్లం కలుపుతుంటే, ఆ వాసనకి అదంతా గుర్తొచ్చింది. మా నాన్నగారు తోటకూర మడిలో నత్తల కోసం అలాగే కలిపి, అందులో మందు వేసి, సాయంత్రం పూట ఉండలు పెట్టేవారు. మందు సంగతి నాకు తెలీదు. మడి పాడుచేసే నత్తలకి బెల్లమూ, ఇల్లు కాసే మా జిమ్మీకి గంజీనా అని మనసు కష్టపెట్టుకుని, ఒక ఉండ తీసుకెళ్ళి దానికి పెట్టాను. తోక ఊపుకుంటూ తింది. కాసేపటికి కాళ్ళు కొట్టుకుంటూ వణికిపోయింది.

నిజం చెప్పొద్దూ, దాన్ని సైకిలు మీద తీసుకెళ్ళింది నాన్నగారు. నేను గడ్డివాము వెనక దాక్కున్నాను. "మందుకి నత్తేదో కుక్కేదో తెలీదండీ. ఇంకాస్త ఆలస్యమైతే పోయేది," అన్నారట డాక్టరుగారు. జిమ్మీ బతికింది. మర్నాడు నన్ను చూసి మళ్ళీ తోకే ఊపింది. పెట్టింది నేనని దానికి తెలీదనుకున్నాను. తెలిసినా ఊపేదేనని ఇప్పుడనిపిస్తుంది.

ఇంతవరకూ రాసి, ఏలూరులో ఉన్న మా అక్కయ్యకి ఫోనులో చదివి వినిపించాను.

"ఒరేయ్, రెండో ఉండ సంగతి రాయలేదేం? అది నువ్వు నోట్లో వేసుకుంటే వేలుపెట్టి బయటికి లాగింది నేను. జిమ్మీ ఎవర్నీ ఏమీ అనలేదు గాని, నువ్వు నా వేలు కరిచావు," అంది.