దీపాలు పెట్టాక ఉప్పు

దీపాలు పెట్టే వేళ పక్కింటి మనిషి మీ గడప ముందు నిలబడి గుప్పెడు ఉప్పు అడిగితే, నిజం చెప్పండి, మీరు ఇస్తారా? ఇచ్చినా ఆ మనిషి చేతిలో పెడతారా, గిన్నెలో పోసి నేల మీద పెట్టి తీసుకోమంటారా?

మొన్న ఆదోనిలో మా పక్క వాటాలోకి కొత్తగా దిగిన హనుమక్క నన్ను అడిగింది. కోసిగి నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన పిల్ల, చంకలో పసిబిడ్డ. పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ఉప్పు డబ్బా ఖాళీ. నేను జాడీలోంచి గుప్పెడు రాళ్ల ఉప్పు తెచ్చేసరికి రెండడుగులు వెనక్కి వేసింది.

"చేతికి వద్దక్కా. కింద పెట్టు, తీసుకుంటా."

గుప్పిట్లో చెమ్మగిల్లుతున్న ఆ ఉప్పు వాసన నన్ను ఎమ్మిగనూరులో మా మగ్గం ఇంటికి లాక్కుపోయింది.

ఆ ఇంట్లో ఉప్పు లేని పని లేదు. ఎండాకాలం బండి మీద గోతాలు వేసుకొచ్చిన మనిషి వీధి మొదట్లో కేక వేస్తే ఆడవాళ్లు చేటలు పట్టుకుని పరుగెత్తేవాళ్లు. ఎండకు కళ్లు చెదిరేలా మెరిసిన ఆ ఉప్పే వానాకాలానికి జాడీ అడుగున నీరుగారి ఉండేది. పచ్చి చింతకాయను ఉప్పుతో, పచ్చిమిరపకాయతో బండ మీద నలగ్గొట్టి నాలుక పొక్కేదాకా నాకేవాళ్లం. పొద్దంతా మగ్గం గుంతలో కూర్చుని పట్టేసిన నాయన మోకాళ్లకు అమ్మ ఉప్పు వేయించి, గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టేది. పీర్ల పండగకు నిప్పుల గుండంలో పిల్లలందరం ఉప్పు చల్లేవాళ్లం. వీధి చివర రంగుల కొట్టంలో ఖాసిం తాత కాగే రంగునీళ్లలో దోసిళ్లతో ఉప్పు పోసేవాడు, అది పడితేనే రంగు నూలుకు బాగా పట్టేది. మేం నేసిన ఎర్ర చీరలన్నీ ఉప్పు తాగినవే.

ఇన్ని పనులు చేసే ఉప్పుకు మావాళ్లు భయాన్ని కూడా అంటగట్టారు. చేతికిస్తే కొట్లాట, దీపాలు పెట్టాక ఇస్తే ఇంటి లక్ష్మి గడప దాటిపోతుంది. వీధిలోని శెట్టి కూడా తన అంగడిలో చీకటి పడితే ఉప్పు అమ్మేవాడు కాదు.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక ఎండాకాలం, మా చెల్లెలు సుబ్బులుకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండేళ్ల పిల్ల. సాయంత్రానికి కళ్లు గుంటలు పడ్డాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. కాచి చల్లార్చిన నీళ్లలో చక్కెర, కొంచెం ఉప్పు కలిపి చెంచాతో పడుతూ ఉండమనీ, తెల్లారగానే ఆసుపత్రికి తెమ్మనీ ఇంటికొచ్చి చూసిన నర్సమ్మ చెప్పి పోయింది. నాయన సంతకు పోయి ఉన్నాడు. అమ్మ వెనక కొట్టంలో నీళ్లు కాచేలోపు మా జేజి, నాయన తల్లి, వంటింటి పొయ్యి దగ్గర దిష్టి తీయడం మొదలుపెట్టింది. గుప్పెడు ఉప్పు పిల్ల చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది. చిటపటమంది.

"సూసినావా, ఎంత దిష్టో! ఏ పాపిష్టి కన్ను పడిందో!"

ఇంకో గుప్పెడు. మళ్లీ చిటపట. శబ్దం ఆగేదాకా వేయాలని ఆమె పట్టుదల. ఉప్పురాయిలో ఇరుక్కున్న నీరు వేడికి ఆవిరై రాయిని పగలగొడుతుందని, ఎవరి కన్నూ పడని రాయి కూడా అట్లాగే పేలుతుందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు. అమ్మ చెంబుతో వచ్చేసరికి జాడీ ఖాళీ. పొయ్యి మాత్రం ఇంకా చిటపటలాడుతోంది.

అమ్మ చెంబు కింద పెట్టింది. నావైపు చూసి, "నాగమ్మత్తను అడుగుపో, ఉరుకు" అంది. నాగమ్మత్తది పక్కిల్లే. అప్పుడే దీపం ముట్టించి కళ్లకద్దుకుంటోంది.

"దీపాలు పెట్టినాంక ఉప్పా? ఎవరు నేర్పించినారే నీకు? పొద్దున రాపో."

"సుబ్బులుకు బాగలేదత్తా."

"అందుకే సెప్తాండా. మీకూ మంచిది కాదు, మాకూ మంచిది కాదు."

ఆమె చెడ్డది కాదు. ఆ పొద్దునే మా పిల్లను ఒళ్లో వేసుకుని ఏడ్చిన మనిషే. అయినా తలుపు వేసుకుంది. అది గుర్తొస్తే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. శెట్టి కూడా తల అడ్డంగా ఊపాడు. నేను ఏడుస్తూ రంగుల కొట్టానికి పరుగెత్తాను. ఖాసిం తాత మోచేతుల దాకా అంటిన నీలం రంగు కడుక్కుంటున్నాడు.

"ఏమ్మే, యాడికి ఆ పరుగు?"

చెప్పాను. ఆయన ఇంకా విప్పని గోతం మూతి కోసి, నా రెండు చేతులూ దగ్గరికి లాగి దోసిలి నింపాడు. భయమేసింది. "చేతికిస్తే మనకు కొట్లాట వస్తాదంట తాతా!"

"వస్తే రేపొచ్చి కొట్లాడు. ముందు బిడ్డకు తాపుపో!"

దోసిలి రొమ్ముకు అదుముకుని పరుగెత్తాను. అమ్మ ఒక్కొక్క చెంచా పోసింది. కక్కితే కాసేపు ఆగి మళ్లీ పోసింది. చాలాసేపటికి సుబ్బులు పెదాలు నాక్కుని, ఇంకా కావాలని చెంచా పట్టుకుంది. అప్పుడు గానీ అమ్మ ఏడవలేదు.

మరునాడు ఆసుపత్రి నుంచి రాగానే జేజి వీధంతా చెప్పింది: "నా దిష్టికే లేచి కూచునింది!" ఆ సాయంత్రం అమ్మ దీపం పెట్టి, కొత్త ఉప్పు గుప్పెడు తీసుకుని నేరుగా నాగమ్మత్త ఇంటికి పోయి, ఆమె చెయ్యి పట్టుకుని అందులో పెట్టింది. "లక్ష్మి పోతే నా ఇంట్లోంచే పోనీలే వదినా." నాగమ్మత్త ఆ ఉప్పును కొంగులో మూటకట్టుకుంది. అమ్మ బతికినన్నాళ్లూ ఆ వేళకు అడిగినవాళ్లకు లేదనలేదు. మా ఇల్లు గుల్ల కాలేదు. సుబ్బులు ఇప్పుడు నందవరంలో మనవడిని ఎత్తుకుని తిరుగుతోంది.

ఉప్పు బండి పోయింది. ఖాసిం తాత పోయాడు, ఆయన కొట్టం ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగడి వచ్చింది. మా మగ్గం గుంత పూడ్చేశారు. ఉప్పు ప్లాస్టిక్ సంచిలో పొడిపొడిగా, వాసన లేకుండా వస్తోంది. పోకూడనివన్నీ పోయాయి. పోవలసిన ఆ ఒక్క భయం మాత్రం హనుమక్క కాళ్లలో చేరి రెండడుగులు వెనక్కి నడిపించింది.

నేను ముందుకు నడిచి ఆ పిల్ల చెయ్యి తెరిచి ఉప్పు పోశాను. "కొట్లాట వస్తాదేమో అక్కా" అంది, సగం నవ్వుతూ. "రేపొచ్చి కొట్లాడు. ముందు పప్పులో వేసుకోపో" అన్నాను.

ఇక మీ వంతు. ఈ సాయంత్రం దీపం పెట్టండి, ఉప్పు జాడీ మూత తీయండి, గుప్పెడు తీసుకుని పక్కింటి తలుపు తట్టండి. నేల మీద పెట్టకండి. చేతిలో పెట్టండి.