జపాను వద్దుకు శాలిబండ వడ్డన

మా బాపు దుకాణానికి ఒకే ఒక్కసారి వచ్చిన విదేశీ బేరాన్ని మిర్చీ బజ్జీలతో ముంచిన ఘనత నాది. నవ్వుకునేవాళ్లు నిశ్చింతగా నవ్వుకోవచ్చు, నేనేమీ అనుకోను.

హైదరాబాదు శాలిబండలో మాది చీర అంచులకు కుట్టే జరీ లేసుల దుకాణం. ఆరు నెలలు జపాను భాష నేర్చుకుని, నేను గల్లీలో రాయబారిలా తిరుగుతున్న రోజులవి. చేతిసంచులు కుట్టించే జపాను పెద్దమనిషి ఒకాయన లేసులు చూడటానికి వచ్చాడు. ఆర్డరు దొరికితే కారుతున్న కప్పు బాగు చేయించాలని బాపు ఆశ.

పళ్లెంలో బజ్జీలు పెట్టాం. ఒకటి తిన్నాడు. రెండోది వేయబోతే తల పక్కకు వంచి, పళ్ల సందున గాలి పీల్చి, "చోత్తో..." అని ఆగిపోయాడు. కొంచెం అని దాని అర్థం.

"ఏమంటుండు బిడ్డా?"

"మొహమాటపడుతుండు బాపూ. నువ్వు పెట్టు."

మా పాతబస్తీలో మొదటిసారి వద్దంటే మర్యాద, రెండోసారి మొహమాటం, మూడోసారి వద్దంటే ఇంకా ఆకలుందని. అడగందే అమ్మయినా పెట్టదంటారు గానీ, మా బాపు వద్దన్నకొద్దీ పెడతాడు. లేసులు చూసి జపానాయన కష్టమేమో అన్నాడు. ఎంచుకోవడం కష్టంగా ఉందట అని నేను చెప్పాను. బాపు ఇంకో ఇరవై చుట్టలు విప్పించాడు.

ఐదో బజ్జీకి ఆయన రెండు చేతులూ ఎదురుగా ఇంటూ గుర్తులా అడ్డం పెట్టాడు. అది వాళ్ల దండమనుకుని బాపు కూడా పెట్టాడు. బాపును చూసి పనివాళ్లూ పెట్టారు. ఆయన లేసుల సంగతి ఆలోచిస్తామని చెప్పి, వంగి వంగి వెళ్లిపోయాడు.

మర్నాడు మా జపాను టీచరమ్మ విని నెత్తి పట్టుకుంది. వాళ్లు వద్దని మొహాన చెప్పరట. కొంచెం అన్నా, కష్టం అన్నా, ఆలోచిస్తామన్నా వద్దనే. చేతులు అడ్డం పెట్టారంటే ఇక ఓపిక అయిపోయినట్టు. ఆ పాఠం రోజున నేను హలీం కోసం క్లాసు ఎగ్గొట్టాను.

బాపుకు చెప్పడానికి నోరు రాలేదు. ప్రతి వానకూ కప్పు కింద బకెట్ పెడుతూ, "జపానోళ్లు ఇంకా ఆలోచిస్తుండ్రా?" అని అడిగేవాడు. పెద్ద ఆర్డరు కదా, టైం పడుతుందని ఒకసారి, అక్కడ సెలవులని ఇంకోసారి అనేవాణ్ని. నా గుండె ఆ బకెట్‌లో మునిగేది.

ఇన్నేళ్లకు మొన్న కప్పు వేయించాను. ఆ సంతోషంలో బాపుకు రెండో బజ్జీ వేయబోతే, రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"నీకెప్పుడు తెలిసింది బాపూ?"

"ఆయన పోయినంక లేసులు చుడుతుంటే కింద మూడు బజ్జీలు దొరికినయ్. గప్పుడే సమజైంది."

"మరి ఏటేటా ఎందుకడిగినవ్?"

"నువ్వు కొత్త సాకు ఏం చెప్తవో విందామని."

మరిగే నూనె సాక్షిగా ఒట్టు, ఇకపై ఎవరు ఒక్కసారి వద్దన్నా రెండోది వడ్డించను. ఈ ఒక్కసారికి మాఫ్ చెయ్యమని బాపును అడిగాను.

ఆయన తల పక్కకు వంచి, పళ్ల సందున గాలి పీల్చి, "ఆలోచిస్త బిడ్డా" అన్నాడు.