అర్రెం నాడు కొన్న పూలు

మూడేళ్ల కిందటి దసరా సెలవుల మాట. తార్నాకలో మెయిన్ రోడ్డు నుంచి రెండు సందులు లోపలికి వస్తే, మందుల షాపు పైన నా క్లినిక్. నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. ఆ మాట అనగానే "అంటే ఫిజియోనా?" అంటారు. మా చుట్టాలు ఇరవై ఏళ్లుగా అదే అంటున్నారు, నేనూ ఔననడం నేర్చుకున్నాను. జబ్బు చేసినా దెబ్బ తగిలినా మనిషి తన పనులు తాను చేసుకునేలా మళ్లీ అలవాటు చేయించడం మా వృత్తి. గుండీ పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, పెన్సిల్ పట్టుకోవడం, అన్నీ అందులోకే వస్తాయి. పెద్దవాళ్లకైతే నచ్చజెప్పి చేయించవచ్చు. పిల్లలకు వైద్యమంతా ఆటలో కలిపి పెట్టాలి.

అందుకే ఏటా దసరా సెలవుల్లో నా దగ్గరికొచ్చే పిల్లల్ని పోగేసి, యూనివర్సిటీ క్యాంపస్‌లో లెక్చరరుగా ఉన్న నా స్నేహితురాలి క్వార్టర్ వరండాలో కూర్చోబెడతాను. బొమ్మలు, తోరణాలు, లడ్డూలు, ఏవి తేలికైతే అవి చేయిస్తాను. పిల్లలకది సెలవుల సరదా. నాకు మాత్రం ఏ వేలు ఎంత వంగింది, ఏ మణికట్టు ఎంత తిరిగిందన్నదే ధ్యాస.

ఆ ఏడు వచ్చిన ఆరుగురిలో లాస్య ఒకతి. ఏడేళ్ల పిల్ల. తండ్రి క్యాంపస్‌లో డ్రైవరు, తల్లి లాలాగూడలో ఒక టైలరింగ్ షాపులో పనికి వెళ్తుంది. పిల్లని తీసుకొచ్చేది నాయనమ్మ నర్సమ్మ. ఎండాకాలంలో నర్సమ్మ జొన్నరొట్టెను అరచేత్తో పెనం మీద అద్దడం చూసి, తానూ అద్దుదామని ఈ పిల్ల కాలుతున్న వట్టి పెనం మీద చెయ్యి ఆనించింది. పుండు మానింది. కానీ మానిన చర్మం బిగుసుకుపోయి కుడిచేతి వేళ్లని లోపలికి లాగేసింది. దీన్ని కాంట్రాక్చర్ అంటాం. చూసేవాళ్లకు ఆ పిల్ల గుప్పిట్లో ఎప్పుడూ ఏదో దాచుకున్నట్టు ఉండేది.

"దీపావళి తర్వాత చూస్తాను. అప్పటికి వేళ్లు సాగకపోతే ఆపరేషన్ చేసి, వేరేచోటి చర్మం తెచ్చి అతకాలి" అన్నారు సర్జన్. అంటే మాకున్నది నెల రోజుల పైచిలుకు. రాత్రిపూట వేళ్లు చాచి ఉంచే ప్లాస్టిక్ పట్టీ, అదే స్ప్లింట్, సరిగానే పెడుతున్నారు. పగలు చేయించమని నేను రాసిచ్చిన వ్యాయామాల చార్టులో కూడా ప్రతి గడిలోనూ టిక్కు ఉంది. చెయ్యి మాత్రం ఎక్కడి గొంగళి అక్కడే. ఒకరోజు నర్సమ్మను గట్టిగా నిలదీశాను.

"చెయ్యి గుంజితే ఏడుస్తది మేడం" అందావిడ. "కాలినప్పుడు ఏడ్సింది సాలదా? నా చేతులతోని మళ్ల ఏడిపియ్యాల్నా? గా దినం సంది నేను పెనమే ముట్టలే."

టిక్కులు పెట్టింది ఆవిడే. పిల్లకి అన్నం తినిపించేదీ, జడ వేసేదీ, బ్యాగు మోసేదీ కూడా ఆవిడే. ఆపరేషన్ అంటే ఆవిడకి వణుకు. అయినా పిల్ల మొహం చిట్లిస్తే చాలు, వ్యాయామం అక్కడితో ఆగిపోయేది. నేనేమో ఎదురు చూసి అలిసిపోయి, కనిపించినప్పుడల్లా "లాస్యా, చెయ్యి చాపు, వేళ్లు చాపు" అని వెంటబడేదాన్ని. ఆ పిల్ల నన్ను చూడగానే కుడిచెయ్యి గౌను జేబులో పెట్టుకునేది.

వరండాలో మొదటి రోజు బంకమట్టితో కొలువు బొమ్మలు చేయించాను. మా పుట్టింటివాళ్లది గోదావరి జిల్లా. నేను పుట్టిపెరిగింది నల్లకుంటలోనే అయినా, దసరా అంటే మాకు బొమ్మల కొలువే. అయిదుగురు పిల్లలు ఏనుగులు, పెళ్లికొడుకులు చేశారు. లాస్య ఎడమచేత్తో ఒక ఉండ చేసి పక్కన పెట్టింది. "ఇదేమిటి?" అంటే "రాయి" అంది. నాకు ఉక్రోషం వచ్చింది.

ఇలా కాదని బతుకమ్మ చేయిద్దామనుకున్నాను. పళ్లెంలో పూలు వరసలుగా గుండ్రంగా పేర్చి, నడుమ ఆకులు పోసి అరచేత్తో అదమాలి. లాస్య చేతికి కావాల్సిందే అది, అరచెయ్యి పరుచుకోవడం. ఎంత తెలివైనదాన్నో అని నన్ను నేనే మెచ్చుకుని, మర్నాడు పొద్దున్నే నల్లకుంట మార్కెట్‌కి పోయి గునుగు, తంగేడు, బంతి, ఆటో నిండా తెచ్చాను. వరండాలో రాశి పోశాను.

నర్సమ్మ గేటు దగ్గరే ఆగిపోయింది. "గిదేంది మేడం, ఇయ్యాల తెచ్చిన్రు పూలు?"

"బతుకమ్మ పేరుద్దామని."

"ఇయ్యాల పేర్వరు. ఆరోదినం గద, అర్రెం. బతుకమ్మ అలిగిన దినం." తర్వాత నవ్వాపుకోలేక, "ఇన్నేండ్లాయె పట్నంల ఉండబట్టి, గిది తెల్వదా మీకు?" అంది.

తెలియదు. తొమ్మిది రోజులు ఆడతారని తెలుసు, నడుమ ఒకరోజు పేర్చరని తెలియదు. పిల్లలంతా ఘొల్లుమన్నారు. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లాస్య మాత్రం నవ్వలేదు. "ఎందుకు అలిగింది నాయినమ్మ?" అంది.

"ఎన్కట ఎవలో నీసు తిన్న చేత్తోని బతుకమ్మను ముట్టిన్రట బిడ్డ. గందుకే అలిగి కూసున్నది."

"మరి ఎవ్వరు బతిలాడరా?"

"బతిలాడరు. అలిగినోళ్లను ఒక్క దినం ఊకె ఇడిసిపెట్టాలె. రేపు ఆమెనే వస్తది."

పిల్ల నా వైపు చూసి, "మరి నాకెప్పుడు మేడం అర్రెం?" అంది. "నన్నైతే రోజు అడుగుతరు."

ఇరవై ఏళ్ల అనుభవం, గోడ మీద ఫ్రేము కట్టించిన సర్టిఫికెట్లు, ఏవీ అక్కరకు రాలేదు. ఎండాకాలం నుంచి ఈ పిల్లని ఒక్క రోజైనా "ఎలా ఉన్నావు?" అని అడిగానా? చెయ్యి ఎలా ఉందనే అడిగాను. సిగ్గేసింది.

"ఇవాళే" అన్నాను. "ఇవాళ నీక్కూడా అర్రెం. నిన్నెవరూ ఏమీ అడగరు."

"నాయినమ్మ కూడనా?"

"నాయినమ్మ కూడా. నేనూ అడగను."

పిల్ల వెళ్లి మెట్ల మీద కూర్చుంది. తెచ్చిన పూల సంగతేమిటని నేను నర్సమ్మనే అడిగాను. "పేర్వద్దు గానీ సాపు చేసి పెట్టుకోవచ్చు. గునుగు యాడికి పోతది, ఉంటది. తంగేడు, బంతి మీద నీళ్లు చల్లి తడిబట్ట కప్పుర్రి" అంది. కాడలు సమంగా కత్తిరించి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టలు కట్టడం మొదలుపెట్టింది. ఆ వరండాలో ఆ పూట పెద్ద థెరపిస్టు ఆవిడే. పిల్లలూ నేనూ ఆవిడ చెప్పినట్టు చేశాం.

అరగంటకు లాస్య వచ్చి కూర్చుంది. ఎవరూ పిలవలేదు. ఎడమచేత్తో కొన్ని గునుగు కాడలు ఏరి, మోకాళ్ల మధ్య ఇరికించి దారం చుట్టబోయింది. కట్ట జారి పూలన్నీ చెదిరిపోయాయి. మళ్లీ ఏరింది. మళ్లీ జారాయి. నర్సమ్మ సాయానికి లేవబోయింది. నేను ఆవిడ మోకాలి మీద చెయ్యి వేసి నొక్కాను. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి గానీ నా మాట విని ఆగింది.

మూడోసారి కట్ట జారుతుంటే, జేబులోంచి కుడిచెయ్యి బయటికి వచ్చి పట్టుకుంది. వంకర వేళ్లు ఆ కాడలంత మేరకు విచ్చుకున్నాయి. పిల్ల మొహం చిట్లించింది, నొప్పి పుట్టే ఉంటుంది. కానీ వదల్లేదు. దారం చుట్టి, పళ్లతో బిగించి, కట్టను పక్కన పెట్టి ఇంకోటి మొదలుపెట్టింది. నేను ఏమీ ఎరగనట్టు బంతిపూల తొడిమలు తుంచుతూ కూర్చున్నాను. ఎన్ని పూలు పాడుచేశానో నాకే తెలియదు.

ఆ మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. చార్టు తీసేసి పనులు పెట్టాను. పళ్లెంలో పోసిన ఆకులు అదమడం, పసుపు కలిపిన నీళ్లలో అరచెయ్యి ముంచి కాగితం మీద ముద్ర వెయ్యడం. ముద్ర రోజురోజుకీ వెడల్పవుతుంటే పిల్ల తానే కొలుచుకునేది. పండుగ తొమ్మిదో రోజు, సద్దుల బతుకమ్మకు మలీద చెయ్యాలన్నారు. రొట్టెలు విరిచి బెల్లం, నెయ్యి కలిపి కట్టే ముద్దలవి. రొట్టెలు ఎవరు చేస్తారని అడిగితే, నర్సమ్మ కొంగు నడుముకి చెక్కుకుని, "నేనే చేస్త తియ్యి" అంది. ఎండాకాలం తర్వాత ఆవిడ పెనం పెట్టింది ఆ రోజే. లాస్యను దూరంగా కూర్చోబెట్టి, పెనం దింపి చల్లారాకే పిలిచింది. రెండు అరచేతుల మధ్య ముద్ద తిప్పడం చూడటానికి తేలిక, ఆ చేతికి మాత్రం కొండంత పని. లాస్య మొదటి ముద్ద కోలగా వచ్చింది. "రాయి కాదు మేడం, మలీద" అని నా చేతిలో పెట్టింది.

సాయంత్రం క్వార్టర్ల మధ్య ఖాళీ జాగాలో ఆడవాళ్లంతా బతుకమ్మల చుట్టూ చేరి పాట అందుకున్నారు. వంగి, లేచి, చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. లాస్య నర్సమ్మ వెనకే నడుస్తోంది. మొదట ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంది. రెండో చుట్టులో రెండు చేతులూ కలిపింది. ఆ చప్పట్లలో ఆ పిల్లది వేరుగా వినిపించేంత గట్టిదేం కాదు. అయినా నర్సమ్మ వెనక్కి తిరిగి చూసి, పాట మరిచిపోయి అక్కడే నిలబడిపోయింది. నేనైతే ఏడ్చాను, దాచుకోవడమెందుకు.

దీపావళి తర్వాత సర్జన్ దగ్గరికి నేనూ వెళ్లాను. కీలు ఎంతవరకు సాగుతోందో కొలిచే గోనియోమీటర్ అనే స్కేలు పెట్టి ఆయన ఒక్కో వేలూ కొలిచారు. "ఇప్పటికి ఆపరేషన్ వద్దు, ఇలాగే చేయించండి" అన్నారు. ఎదిగే వయసు కనుక చర్మం మళ్లీ బిగుసుకోవచ్చని, ఏటా చూపించాలని కూడా అన్నారు. చూపిస్తూనే ఉన్నాం. చిటికెన వేలు ఇంకా కొంచెం వంగే ఉంటుంది. లాస్యకిప్పుడు పదేళ్లు. ప్రతి దసరాకి వరండాకు వచ్చి, కొత్త పిల్లలకు గునుగు కట్టలు కట్టడం నేర్పుతుంది. నాకైతే పూలు ఏ రోజు కొనకూడదో ముందే ఫోన్ చేసి చెబుతుంది.

తీసేసిన చార్టు మళ్లీ పెట్టాను గానీ, అదిప్పుడు మారింది. వారానికి ఏడు గడులుంటాయి. ఆరో గడిలో పిల్లలందరికీ "అర్రెం" అని రాసిస్తాను. రాత్రి స్ప్లింట్ తప్ప ఆ రోజు పిల్లల్ని ఎవరూ ఏమీ అడగకూడదు. అదేం థెరపీ అని తల్లిదండ్రులు మొదట్లో అనుమానంగా చూస్తారు. మొన్న అడిక్‌మెట్ నుంచి ఒకావిడ కంగారుగా ఫోన్ చేసింది.

"మేడం, ఇవాళ అర్రెం అని రాశారు కదండీ. మావాడేమో తనే వచ్చి, మీరు పిసకమన్న ఆ పిండి ముద్ద ఇమ్మని అడుగుతున్నాడు. ఇవ్వచ్చా?"

"ఇవ్వండి" అన్నాను. "ఇచ్చేసి, మీరు కాసేపు వంటింట్లోకి వెళ్లిపోండి."