గద్వాలలో గొడ్ల కొట్టం

అప్పుడు యుద్ధం నడుస్తోంది. నా భర్త దర్జీ. తెలకపల్లిలో కుట్టుపని సాగక, గద్వాలలో ఒక బట్టల దుకాణం అరుగు మీద మిషను పెట్టుకోవడానికి చోటు ఇస్తామంటే నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. మిషనుకు చోటు దొరికింది, మనుషులకు దొరకలేదు. కోట చుట్టుపక్కల తాళాలు వేసి ఉన్న గదులు నా కళ్లతో చూశాను. అయినా పల్లెల నుంచి జనం వచ్చి పడుతున్నారని ఇంటివాళ్లు నోటికొచ్చిన కిరాయి చెప్పేవాళ్లు. పైగా నాకు నెలలు నిండుతున్నాయి.

ఒకావిడ నా మొహం చూడలేదు, కడుపు చూసింది.

"నా ఇంట్ల కాన్పు కానియ్య. మైల ఎవరు కడుగుతరు? ఇంకోతాన చూస్కోర్రి" అని తలుపు వేసింది.

ఇంకొకాయన మా కులం అడిగాడు, ఏం తింటామో అడిగాడు, చుట్టాలు ఎంతమంది వస్తారో అడిగాడు. అన్నీ విన్నాక చెప్పిన కిరాయి మా ఆయన నెలంతా మిషను తొక్కినా వచ్చేది కాదు. ఆ మాట ముందే చెప్తే పోయేది, మా కూడు సంగతి ఆయనకెందుకు? నాకు ఒళ్లు మండిపోయింది.

చివరికి ఒక నూనె వ్యాపారి తన ఇంటి వెనక గొడ్ల కొట్టం చూపించాడు. "ఉంటె ఉండుర్రి, లేకుంటె పోర్రి" అన్నాడు. ఉన్నాం. గోడల దాకా పేరుకున్న పేడ ఇద్దరం తవ్వి పోశాం. ఎర్రమన్ను తెచ్చి గోడలకు మెత్తాను, సున్నం కొట్టాను. పొయ్యి వేశాను. మా ఆయన పాత చెక్కలు కొని తలుపు చేయించాడు.

గోడలు ఆరగానే వ్యాపారి వచ్చి చుట్టూ చూశాడు.

"ఏం దర్జీ, కొట్టం ఇల్లయింది. ఇంటి కిరాయి ఇయ్యాలె మరి."

"మేమే చేసుకుంటిమి కదా, షావుకారీ!"

"జాగ నాది. నెల తిరిగేసరికి ఇస్తె ఇయ్యి, లేకుంటె ఖాళీ చెయ్యి."

మా ఆయన చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులను చూస్తే వ్యాపారి మీద కంటే ఆయన మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

నెల తిరిగింది. పొద్దున్నే ఇద్దరు జీతగాళ్లను వెంటబెట్టుకుని మా సామాను బయట పారేయించడానికి వ్యాపారి వచ్చాడు. అప్పుడే నాకు ఆడపిల్ల పుట్టింది. మంత్రసాని ఇంకా బొడ్డు కోసిన చేతులైనా కడుక్కోలేదు. ఆ చేతులతోనే వాకిట్లోకి వెళ్లింది.

"రా షావుకారీ, లోపటికి రా. సామాను నువ్వే తియ్యి. రా!"

ఆయన వెనక్కి జరిగాడు. ఆమె ఇంకో అడుగు ముందుకు వేసింది. పురిటి మైల అంటుతుందని ఆయన పంచె ఎత్తిపట్టుకుని ఇంట్లోకి ఉరికాడు. జీతగాళ్లు నవ్వాపుకోలేక తలలు తిప్పుకున్నారు. నొప్పులతో పడి ఉన్న నేను కూడా నవ్వాను.

పురుడు తీరేదాకా మా జోలికి రాలేదు. తీరిన మర్నాడు, మా ఆయన దుకాణానికి వెళ్లిన సమయం చూసి, జీతగాళ్లతో తలుపు ఊడదీయించాడు. మేం చేయించుకున్న తలుపు! పసిపిల్లతో, తలుపు లేని ఇంట్లో, వచ్చేపోయే వాళ్ల కళ్ల ముందు కూర్చున్నాను. ఎవరూ ఒక్క మాట అనలేదు. అందరికీ ఆయన నూనె కావాలి.

సాయంత్రం మా ఆయన బండి మాట్లాడుకొచ్చాడు. మిషను ఎక్కించాక నేను లోపలికి వెళ్లి, రోకలి తీసుకుని పొయ్యి పగలగొట్టాను. గోడ మీద మెత్తిన మన్ను కూడా చేతికందినంత మేర రాల్చేశాను.

"ఏందే, పిచ్చి లేసిందా?" అని వ్యాపారి అరిచాడు.

"నీ కొట్టం నీకు ఎట్లుండెనో గట్లనే ఇస్తున్న" అన్నాను.

గద్వాల వదిలి వనపర్తి చేరాం. అక్కడ ఒక ముస్లిం ముసలామె తన ఇంటి ముందరి గది ఇచ్చింది. కులం అడగలేదు. "పిల్లకు జర గాలి తగలనియ్యకు, బిడ్డా" అని మాత్రం అంది. మంచి మనిషే. అయినా చాలా రోజులు నేను మూటలు విప్పలేదు. ఆమె చెంబుతో మజ్జిగ పట్టుకొచ్చినప్పుడల్లా, కిరాయి పెంచడానికే వస్తోందని మనసులో ఆమెను తిట్టుకునేదాన్ని.