కిటికీలోంచి దస్తీ

నేనొక్కడినే తయారుచేస్తున్న వీడియోగేమ్‌లో పని ఒకటే: తాళ్లు కట్టి, పోలీసులను నిలబెట్టి, తొక్కిసలాట లేకుండా జనాన్ని బస్సెక్కించాలి. తాండూరు బస్టాండునే నమూనాగా తీసుకున్నాను. అక్కడే హోంగార్డుగా చేసి మానేసిన మా మేనమామకు ఆడి చూడమని ఇచ్చాను. తెరమీద జనమంతా తలుపు దగ్గరికే పోతుంటే ఆయన ఫోన్ పక్కన పెట్టేశాడు.

"గిదేం జనం అల్లుడా? గీళ్లకు కిటికీలు కనవడ్తలేవా? మనోళ్లు మొదలు కిటికీలకెళ్లి సీటు మీద దస్తీ ఏస్తరు. అటెన్క తలుపు దిక్కు పోతరు. ఓపారి వొయ్యి సూడు."

నాకు ఒళ్లు మండింది. ఆయనదే తప్పని తేల్చడానికి మర్నాడు బస్టాండుకు పోయాను. ఎక్కే పనేమీ లేదు, చూడటానికే నిలబడ్డాను. పరిగి బస్సు ఆగకముందే జనం దాని పక్కన పరుగెత్తారు. నన్నూ తోసుకుపోయారు. నా ముందున్న ముసలామె జారిన చెప్పు కోసం వంగింది. వెనక చక్రం ఆమెకు జానెడు దూరంలో తిరుగుతోంది. ఎవరో ఆమె భుజం పట్టి వెనక్కి లాగారు.

బస్సు ఆగింది. చెమట తుడుచుకుందామని జేబులో చెయ్యి పెట్టాను. దస్తీ లేదు. కిటికీ లోపల, సీటు మీద ఉంది.