మారిసోల్ తాడుకు పూసిన ఆముదం

మా తమ్ముడు కుళ్లాయప్ప నలభై ఏళ్లు బావులు తవ్వాడు. కళ్యాణదుర్గం చుట్టుపక్కల వాడు దిగని బావి లేదు. వాడికంటూ ఒక్క బావీ లేదు. రాతిని వేలితో తట్టి, చెవి ఆనించి, ఇక్కడ నీళ్లున్నాయి, ఇక్కడ లేవు అని చెప్పేవాడు. సగంసార్లు తప్పేవాడు. అయినా పిలిచేవాళ్లు. అరవై అడుగుల లోతుకు నవ్వుతూ దిగేవాడు ఇంకొకడు దొరకాలి కదా. పెళ్లాం పోయాక నా ఇంట్లోనే ఉన్నాడు. నా సంగటి తింటూ, నా మాటలు పడుతూ.

రెండువేల మూడు ఎండాకాలం. మూడేళ్లుగా చెనక్కాయ వేస్తే విత్తనం కూడా తిరిగి రాలేదు. ఊరి బోర్లన్నీ గాలి కక్కుతున్నాయి. తాగడానికి మా ఊరి రైతు ఓబుళేసు బావి ఒక్కటే దిక్కు. అదీ ఎండిపోయింది. ఇంకో పది అడుగులు దింపితే నీళ్లు పడతాయని మా వాడు రాయి తట్టి చెప్పాడు. పడకపోతే ఊరంతా బెంగళూరు బస్సు ఎక్కాల్సిందే.

ఆ ఎండల్లో వచ్చింది మారిసోల్. వీపు మీద తన ఎత్తున సంచి, దాని పక్కన చుట్ట చుట్టిన తాడు. సంచి మోసుకుంటూ దేశాలు తిరిగే పిల్ల. మా రాతి గుట్టలు ఎక్కాలని వచ్చిందట. మేకలు ఎక్కే గుట్టలవి. వెంట జయంతి ఉంది. మా వీధి పిల్లే. అనంతపురంలో ఒక సేవా సంస్థలో పని చేస్తూ, అక్కడికి వచ్చే తెల్లవాళ్ల దగ్గర స్పానిష్ నేర్చుకుంది. మారిసోల్‌ది ఈక్వడార్ అనే దేశంలో బాన్యోస్ అనే ఊరు. ఊరి నెత్తిన పొగలు కక్కే కొండ ఉందట.

"వాళ్లూర్లో ఏం పని జేస్తారంట, అడుగు పాపా," అన్నాడు మా వాడు.

"వంతెన మీద నుంచి తాడు కట్టుకోని దూకుతారంట మామా. జలపాతాల్లోకి తాడు పట్టుకోని దిగుతారంట. దానికి దుడ్లిస్తారంట."

"దూకినోళ్లకా?"

"కాదు. దూకేవాళ్లే ఇస్తారంట."

మా వాడు నా వైపు చూశాడు. "అక్కా, నలభై ఏండ్ల నుంచి నేను ఉత్తినే దిగతాండా. వాళ్లకు తెలిస్తే నవ్వుతారు."

"భయాన్ని కొనుక్కునేంత కరువా వాళ్లకు? ఒగ ఏడాది ఈడ సేద్యం జేయమను," అన్నాను.

జయంతి ఆ మాట చెబితే మారిసోల్ పొట్ట పట్టుకుని నవ్వింది. తన నడుము పట్టీ మా వాడికి తొడిగి, దాని ఇనుప బిళ్లలో తాడు ఎలా పట్టుకుంటుందో చూపించింది. మా వాడు కొత్త పెళ్లికొడుకులా ఆ పట్టీతోనే వీధంతా తిరిగొచ్చాడు.

తర్వాత ఇద్దరూ రెండు రోజుల పని మీద అనంతపురం పోయారు. బరువని తాడు మా ఇంట్లో వదిలారు. ముట్టుకుంటే గరగరలాడింది, ఎండిన ఈత మట్టలా. మా నాయన కపిల తోలేవాడు. ఎద్దులతో బావి నీళ్లు తోడే తాళ్లకు నెలనెలా ఆముదం పట్టించడం చిన్నప్పటి నుంచి నా పని. ఎండిన తాడు మనిషిని మింగుతుంది అనేవాడు నాయన. మన ఇంట్లో దించిన పరాయి పిల్ల తాడు ఎండిపోయి ఉంటే మనకు సిగ్గు కదా. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే దాకా కూర్చుని, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఆముదం రుద్దాను. చేసిన మంచి చెప్పుకోకూడదని ఎవరికీ చెప్పలేదు. నా బతుకులో నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

మూడో రోజు పొద్దున మా వాడు ఓబుళేసు బావిలో దిగి తవ్వుతుంటే, ముందురోజు రాయి పేల్చిన తూటాకు కదిలిన బండ ఒకటి విరుచుకుపడింది. మనుషుల్ని, మట్టిని దించి ఎత్తే క్రేను తీగను తెంపుకుని మా వాడి కాలి మీద పడింది. బండ ఊడిన చోట నుంచి నీళ్లు చిమ్మాయి.

"అక్కా, నీళ్లు పడినాయి," అని వాడు కింద నుంచి కేక వేశాడు. ముందు చెప్పింది అదే. తర్వాత చెప్పాడు, "కాలు ఇరుక్కోనుండాది. ఎవర్నన్నా పంపీ."

ఓబుళేసు ఎద్దుల పగ్గాలు ముడేసుకుని దిగబోయాడు. పది అడుగులకే తెగింది. బావి గోడ రాళ్లు పట్టుకుని ఎలాగో పైకి వచ్చాడు. ఇంకో క్రేను కళ్యాణదుర్గం నుంచి రావాలి. రెండు గంటలు. లోపల నీళ్లు, కూర్చున్న మనిషి నడుము దాకా వచ్చేశాయి.

అప్పుడే ఆటో దిగారు జయంతి, మారిసోల్. సంగతి వినగానే ఆ పిల్ల చెయ్యి చాపింది. నేను పరిగెత్తి తాడు తెచ్చిచ్చాను. గట్టు మీది రాతి స్తంభానికి కట్టి, నడుము బిళ్లలో దూర్చి, వెనక్కి వాలి చూసింది. జర్రున జారింది. మళ్లీ వాలింది. మళ్లీ జారింది. అరచెయ్యి వాసన చూసుకుని ఏదో అడిగింది.

"తాడుకు ఏందో పూసినారంట. ఎవరు పూసినారు అంటాంది," అంది జయంతి.



"మాకేం తెలుసు. ఆ యమ్మే యాడన్నా పూసుకోనొచ్చింటాది," అన్నాడు ఓబుళేసు.

చెప్పకపోతే ఆ పిల్ల అదే తాడు మీద దిగేలా ఉంది. అప్పుడు లోపల ఇద్దరు.

"నేనే," అన్నాను. "ఆముదం. మొత్తం పూసినా."

 

కడగాలి. కడగడానికి ఊళ్లో నీళ్లు లేవు. ఉన్న నీళ్లన్నీ బావిలో మా తమ్ముడి మీదికి ఎక్కుతున్నాయి. పొయ్యిల్లో బూడిద, ఇళ్లలో సీకాయ పొడి తెమ్మన్నాను. ఆడవాళ్లు చేటలతో తెచ్చారు. తాడుకు అటూ ఇటూ కూర్చుని రుద్దాం. నా చీర కొంగు చింపి తుడిచాను. మళ్లీ బూడిద, మళ్లీ గుడ్డ. వేళ్ల తోలు లేచింది. మారిసోల్ ప్రతి జానా పట్టి చూసి, తల అడ్డంగా ఊపేది.

"రొమ్ములకొచ్చినాయక్కా," అన్నాడు వాడు కింద నుంచి.

"వస్తాండాం రా. మాట్లాడతా ఉండు."

"ఏం మాట్లాడాల?"

"ఏందో ఒగటి. రోజూ నన్ను తిట్టుకుంటావు గదా, అదే గట్టిగా తిట్టు."

కాసేపు తిట్టాడు. తర్వాత ఆపేశాడు.

అరగంట పట్టింది. అప్పటికీ తాడు బిళ్లలో ఆగలేదు. మారిసోల్ బిళ్ల తీసేసి, తాడు కొసను తన పట్టీకి ముడేసుకుని, తాడును స్తంభానికి నాలుగు చుట్లు తిప్పి, నలుగురు మగవాళ్లతో పట్టించి దిగింది. వెనకే ఓబుళేసును, ఒక గడ్డపారను దించారు. బండ లేపి మా వాడిని పట్టీలో కట్టేసరికి నీళ్లు వాడి గడ్డానికి తగులుతున్నాయట. పైకి వచ్చినప్పుడు వాడికి ఊపిరి ఉంది. కాలు మాత్రం నల్లగా ఉంది.

అనంతపురం ఆసుపత్రిలో మోకాటి కింద తీసేశారు. అరగంట ముందు తెచ్చి ఉంటే కాలు నిలిచేదేమో అన్నాడు డాక్టరు. ఆ మాట నా ముందే అన్నాడు. ఆయనకేం తెలుసు.

నాలుగో రోజు మంచం పక్కన కూర్చుని వాడికి అంతా చెప్పాను.

"కొస దాకా పూసినావా?"

"కొస దాకా."

"నాయన ఉండింటే మెచ్చుకునేటోడు," అన్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. వాడి వీపు కదలడం చూస్తూ కూర్చున్నాను.

మారిసోల్ ఆ తాడును వాడికే ఇచ్చి వెళ్లింది. ఏడాది తర్వాత ఒక ఫోటో పంపింది. లోతైన లోయ, దాని మీద వంతెన, గాలిలో తలకిందులుగా ఒక మనిషి. వెనక రాసింది జయంతి చదివింది. నువ్వు వస్తే ఉత్తినే దూకిస్తాను అని.

"ఒంటి కాలోడు దూకితే సగం భయమే గదా, ఉత్తినే ఏంటికి," అన్నాడు వాడు. నవ్వాడు. నేను నవ్వలేదు.

ఓబుళేసు బావి ఇంకో ఎండాకాలం ఊరిని బతికించింది. తర్వాత అదీ ఎండిపోయింది. ఓబుళేసు మా గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మా వాడు కర్ర అందుకుని కుంటుతూ గట్టు దాకా పోయి, గులకరాయి ఒకటి లోపలికి వదిలి చెవి పెట్టాడు. రాయి రాతికి తగిలిన చప్పుడు నాకు కూడా వినబడింది.

"ఇంగో పది అడుగులు దిగితే ఉండాయి," అన్నాడు.

దిగేవాడు ఎవడని ఎవరూ అడగలేదు. వాడు ఇంటికి వచ్చి, చిలక్కొయ్యకు తగిలించిన ఆ తాడు దించి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇంకా ఆముదం వాసన వస్తూనే ఉంది.